పల్లావరపు నల్లరాయి

చెన్నపట్నములో నివసించే మనలో తాంబరము వైపు పోయే రైలు ఎక్కనివారు అరుదు. సెంట్ థామస్ మౌంట్ మొదలు పల్లావరము వరకు కిటికీలో నుంచి కొన్ని రాతిగుట్టలు కనిపించును. మొదటిదానిని తమిళులు పరంగిమలై అందురు. ఈ గుట్టల రాతికి ప్రపంచ భూగర్భశాస్త్ర గ్రంథములలో చార్నకైటు అని పేరు. అది కొండను బట్టి గాని ఊరిని బట్టి గాని వచ్చినది కాదు; కలకత్తాలోని ఒక సమాధిని బట్టి వచ్చినది.

1690లో కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ స్థావరము నెలకొల్పిన జాబ్ చార్నక్ సమాధి అక్కడి సెంట్ జాన్ చర్చి ఆవరణలో ఉన్నది. కలకత్తా గంగ ఒండ్రుపై వెలసిన పట్టణము. అక్కడ రాయి ఎక్కడిది? భారత భూగర్భ పరిశీలన శాఖలోని థామస్ హెన్రీ హాలెండు ఆ సమాధి పలకను పరీక్షించి, అది మద్రాసు దగ్గరి గుట్టల రాయియేనని గుర్తించినాడు. 1893లో ఆ పలకను గురించియే వ్యాసము ప్రకటించి, ఈ జాతి శిలకు చార్నక్ పేరు పెట్టినాడు. రాయి మనది, పేరు కంపెనీ దొరది! అది మాకు కొంత వెలితిగానే తోచును.

హాలెండు రాతిని పోల్చిన విధము తెలుసుకొనదగినది. ఖనిజము వేరు, శిల వేరు. పొంగలిలో బియ్యము, పెసరపప్పు, మిరియము వేరువేరుగా కనిపించినట్లు, శిలలో ఖనిజములు కలసి ఉండును. రాతిని మిల్లీమీటరులో నూరింట మూడు పాళ్ల మందము వచ్చు వరకు అరగదీసిన, వెలుతురు దాని గుండా పోవును. అప్పుడు సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క ఖనిజము తన రంగు చూపును. పల్లావరపు రాతిలో క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారులతోపాటు హైపర్‌స్థీను అనే ఖనిజమున్నది. పలకను తిప్పిన కొలది అది గులాబి నుంచి ఆకుపచ్చకు మారును.

ఖనిజములు తెలిసినంత మాత్రమున శిల పుట్టుక తెలియదు. కరిగిన ద్రవము చల్లారి గట్టిపడినవి అగ్నిశిలలు. ఇసుక, బురద పేరుకొని గట్టిపడినవి అవక్షేపశిలలు. ఈ రెంటిలో ఏదైనను భూగర్భపు వేడికి, ఒత్తిడికి కరగకయే మారినచో రూపాంతరశిల. చార్నకైటు ఏ కోవకు చెందును? అగ్నిశిలయేనని హాలెండు 1900లో పెద్ద గ్రంథమే వ్రాసినాడు. కాదు, రూపాంతరమేనని తరువాతివారు వాదించినారు. ఈ తగవు అర్ధశతాబ్దికి పైగా సాగినది.

తగవు తీర్చుటకు పెద్ద సాక్ష్యము కర్ణాటకములో, కనకపుర దగ్గరి కబ్బాళదుర్గ క్వారీలో దొరకినది. అక్కడ బూడిదవన్నె నైసు రాతి నడుమ ముదురు పచ్చని చార్నకైటు మచ్చలున్నవి. నైసు చారలు మచ్చలోనికి పోయి క్రమముగా మాసిపోవును. ఒక రాయి మరియొకటిగా మారుచు నడిమధ్యలో ఆగిపోయినదన్నమాట. పిచ్చముత్తు 1960లో దీనిని లోకమునకు చాటినారు. 1979లో మైసూరు విశ్వవిద్యాలయపు జనార్ధన్, అమెరికాకు చెందిన న్యూటన్, స్మిత్ కారణమును వివరించినారు. లోతు నుంచి బొగ్గుపులుసు వాయువు అధికముగా గల ఆవిరి పగుళ్ల వెంట ఎగయగా, నీటిని ఇముడ్చుకొన్న ఖనిజములు విచ్ఛిన్నమై, నీరు లేని హైపర్‌స్థీను ఏర్పడినది. ఇది జరిగి సుమారు 250 కోట్ల ఏండ్లు. అయితే హాలెండు మాట పూర్తిగా కొట్టివేయబడలేదు. ద్రవము నుంచి నేరుగా ఏర్పడిన చార్నకైట్లును లోకములో కలవని నేటి శాస్త్రజ్ఞులు ఒప్పుకొందురు.

క్వారీ తవ్వకపోయినచో ఆ మచ్చలు కంటబడేవి కావు. తమిళనాడు, కర్ణాటకముల క్వారీలలో తరతరాలుగా సమ్మెట పట్టినవారిలో మన తెలుగు మాట్లాడు వడ్డెరలు ఎందరో కలరు. రాతి పేరులో గాని చరిత్రలో గాని వారి ఊసు లేదు.

తూర్పు కనుమలకు పోయినచో పేర్ల విషయములో కొంత న్యాయము జరిగినది. కలహండిలో పనిచేసిన వాకరు 1902లో అక్కడి శిలకు ఖోండుల పేరు పెట్టి ఖోండలైటు అన్నాడు. ఒకనాటి బంకమట్టి మార్పు చెంది గోమేధికపు జాతి ఎర్రని గార్నెట్టు గింజలతో నిండిన శిల అది. సింహాచలము కొండ దానిదే. కోణార్క దేవాలయములో హెచ్చు భాగము దానిదే. అందులోని ఫెల్డ్‌స్పారు మరల మట్టియగుటచే ఆ శిల్పములు చెక్కుచెదరుచున్నవి. ఇక తెలుగు ఊరి పేరు శాశ్వతముగా మోయుచున్నది కోడురైటు. చీపురుపల్లి ప్రాంతపు కోడూరు మాంగనీసు గనులలో ఫెర్మరు చూచినది. అతడును దానిని అగ్నిశిల అనియే అన్నాడు. మాంగనీసు గల పూర్వపు అవక్షేపములే మారినవని తరువాతివారిలో అనేకులు తలచినారు.

పరంగిమలై చార్నకైటు, బెంగుళూరు లాల్‌బాగులోని నైసు గుట్ట రెండును నేడు జాతీయ భూగర్భ స్మారకముల పట్టికలో ఉన్నవి. లాల్‌బాగు గుట్టను ఎక్కి చూడవచ్చును. పల్లావరపు రాతిని మాత్రము రైలు నుంచియే చూడవచ్చును, కిటికీ పక్క చోటు దొరకిన.