రోలును మడతబందును



తుంటికీలును రోలుతో పోల్చినవారు మన పూర్వులు. సుశ్రుతసంహితయందలి శారీరస్థానమున సంధులు ఎనిమిది విధములుగా విభజింపబడినవి. అందు తుంటి ఉలూఖలసంధి, అనగా రోలు. మోకాలు కోరసంధి, మన తలుపుల మడతబందువంటిదని చెప్పుకొనవచ్చును. రోటిలో రోకలి ఎటుబడిన నటు తిరుగును. మడతబందు మడచుటకు చాచుటకే గాని మెలివెట్టుటకు ఏర్పడినది కాదు. పడవబల్లలు కట్లు గట్టిగనున్నంతవరకే బరువు నోపునట్లు, స్నాయువులు బిగిసియున్నంతవరకే దేహము బరువు మోయునని కూడ ఆ గ్రంథము తెలుపుచున్నది. ఈ పోలికకు మించినదానిని నేను చూచియుండలేదు.

మోకాలిలోపల రెండు స్నాయువులు కత్తెరవలె ఒకదాని నొకటి దాటిపోవును. అవి యేపని చేయునో చక్కగా తెలియుటకు చాలకాలము పట్టినది. 1836లో జర్మనీదేశమున వేబరు సోదరులు, ముందటి స్నాయువు తెగినచో పిక్కయెముక కట్టుదప్పి ముందువెనుకలకు జారునని గ్రహించిరి. 1845లో ఫ్రాన్సుదేశపు లియాన్ పట్టణమున బొన్నే యను శస్త్రవైద్యుడు, అది తెగునపుడు ఠప్పున ధ్వని యగుననియు, కీలు రక్తముతో నుబ్బుననియు వ్రాసెను. 1895లో ఇంగ్లాండున లీడ్సు నగరమందు మేయో రాబ్సన్ అను వైద్యుడు, గనిలో గాయపడిన 41 ఏండ్ల కూలివాని మోకాలిని విప్పి, తెగిన స్నాయువులను దారముతో కుట్టెను. ఆ కూలివాడు మరల గనిపనికి పోగలిగెను. 1917లో హే గ్రోవ్సు తొడప్రక్కనుండి పట్టీవంటి పొరను తీసి, క్రొత్త స్నాయువునే అమర్చెను.

ఇన్నియు గొప్ప పనులే. కాని వీరందరి దృష్టియు మోకాలిమీదనే. ఇల్లు కురియుచుండగా తడిసిన గోడనే తడవి చూచి, పైకప్పు చూడనివారివలె!

ఫుట్‌బాల్ ఆటలోను, మన చెడుగుడులోను, ఎదుటివాడు తాకకయే మోకాలు చెడుట కలదు. ఆటగాడు పరుగెత్తుచు పాదము నేలనూని చటుక్కున దేహమును త్రిప్పును. పాదము నేలకు అంటుకొనియున్నది, దేహము తిరుగుచున్నది. ఆ మెలిని భరించవలసినది తుంటిరోలు. రోలు లోవైపునకు చాలినంత తిరుగనిచో మెలి యెచ్చటికి పోవును? క్రిందనున్న మడతబందుమీదికే. అచ్చటి ముందటి స్నాయువు ఆ మెలికి బలియగును.

ఇది నా యూహ కాదు. 2003లో స్విట్జర్లాండున బెర్నునగర వైద్యుడు గాంజు, ఆయన సహచరులు, తొడయెముక మెడవద్ద నుండు చిన్న బుడిపెయైనను గుంటయంచునకు తగిలి తుంటి కదలికకు అడ్డగునని విశదపరచిరి. 2008లో బ్రెజిలు వైద్యులు, ఒరుల తాకిడిలేకయే ముందటి స్నాయువు తెగిన ఫుట్‌బాల్ ఆటగాండ్ర తుంట్లను కొలిచి చూడగా, తక్కినవారి తుంట్లకంటె అవి తక్కువగా తిరుగునని తేలెను. అటుపిమ్మట 2014లో అమెరికాయందలి మిషిగనులో శవముల మోకాళ్లను యంత్రమున నిలిపి, తొడయెముక లోవైపునకు తిరుగుటను అరికట్టిన కొలది స్నాయువుపై బిగువు హెచ్చునని చూపిరి.

ఐనను ఇదొక్కటే కారణమనుట పొరపాటు. తొడకండరముల బలము, దుమికి నేలనానుకొను తీరు, ఎముక వాలు, ఇవియు లెక్కకు వచ్చును. స్త్రీల తుంట్లు సామాన్యముగా పురుషుల తుంట్లకంటె లోవైపునకు ఎక్కువ తిరుగును. అయినను కొన్ని యాటలయందు ఈ గాయము వారికే హెచ్చు. కనుక తుంటి బిగువును అనేక కారణములలో ఒకటిగా నెంచుటయే న్యాయము.

దానిని కొలుచుట సులభము. వెల్లకిల పరుండజేసి, తొడను నిలువుగా నెత్తి, మోకాలు మడచి, పాదమును వెలుపలికి నెట్టవలెను. పాదము వెలుపలికి పోయిన కొలది తొడ లోపలికి తిరుగును. కండరము పట్టివేసినదైన నిత్యాభ్యాసముచే కొంత సడలును. ఎముక బుడిపె అడ్డమైనచో ఎంత లాగినను సడలదు సరిగదా, కీలుకే నొప్పి కలుగును. ఈ రెంటిని వేరుపరచి చెప్పవలసినవాడు వైద్యుడు.