పిత్తనాళం చివర ఒక చిన్న కోత

మా తెల్లాపూర్ ఫ్లాట్‌లో రాత్రి రెండింటికి వంటింటి లైటు వెలిగిందంటే మా వారికి విషయం అర్థమైపోతుంది. కుడి పక్కటెముకల కింద మొదలై వీపులోకి పాకే నొప్పి. పడుకోలేను, కూర్చోలేను. గోరువెచ్చని నీళ్లు తాగుతూ, ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయే లారీల దీపాలు చూస్తూ నిలబడతాను. గంటకో రెండు గంటలకో అదే తగ్గుతుంది. ఆరింటికి మా వాడి లంచ్ బాక్స్ మాత్రం ఆగదు కదా!

వింతేమిటంటే నాకు గాల్ బ్లాడరే లేదు. రాళ్లున్నాయని మూడేళ్ల కిందట తీసేశారు. "తీయించేసుకున్నావుగా, ఇంకా నొప్పేమిటమ్మా?" అంటారు అత్తయ్యగారు. అమ్మయితే ఫోనులో వాము నీళ్ల దగ్గరే ఆగిపోయింది.

పోయిన నెల ఒక డాక్టరు గారు కొత్త మాట చెప్పారు. పిత్తనాళం చివర ఒక చిన్న కండరం ఉంటుందట, అది బిగుసుకుపోతోందేమో అన్నారు. నోట్లోంచి గొట్టం పంపి కాస్త కోస్తే సరిపోతుందన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి, వాళ్లిచ్చిన కాగితం నెమ్మదిగా చదివితే "క్లోమానికి వాపు రావచ్చు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పెళ్లి చీరకు పది కొట్లు తిరుగుతాం, కడుపులో కోతకు ఒక్క సంతకం పెట్టేస్తామా? అందుకే ఈ కోత కథేమిటో మొదటినుంచీ చదివాను. మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

కాలేయంలో తయారయ్యే పైత్యరసం ఒక సన్నని గొట్టంలోంచి చిన్నపేగులోకి దిగుతుంది. క్లోమం నుంచి వచ్చే గొట్టం కూడా దాదాపు అక్కడే తెరుచుకుంటుంది. ఆ గుమ్మం దగ్గర తలుపులా పనిచేసే కండరపు రింగు ఒకటుంది. 1887లో ఇటలీలోని పెరూజాలో రుజ్జేరో ఒడ్డి అనే వైద్య విద్యార్థి దాని గురించి వివరంగా రాశాడు. అప్పటికి అతని వయసు 23. కండరానికి అతని పేరే నిలిచింది కానీ అతని బతుకు నిలవలేదు. మత్తుమందుల అలవాటులో పడి, జెనోవాలో పెద్ద ఉద్యోగం పోగొట్టుకుని, 1913లో ట్యునీషియాలో చనిపోయాడు.

ఒడ్డికి ఐదేళ్ల ముందే, 1882లో, బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ మొట్టమొదటిసారి మనిషికి గాల్ బ్లాడర్ తీసేశాడు. అది లేకుండా బతకొచ్చా అన్న భయం అప్పట్లో ఉండేది. గుర్రానికి పుట్టుకతోనే అది ఉండదు, ఎంత బాగా పరిగెడుతుందో! ఆ ఆపరేషన్ నిలబడింది. కానీ అది చేయించుకున్నా కొందరికి నొప్పి పోలేదు. నా వంతు అక్కడ మొదలైంది.

పిత్తనాళంలో రాయి ఇరుక్కుంటే ఒకప్పుడు పొట్ట కోయాల్సిందే. 1968లో వాషింగ్టన్‌లో విలియం మెక్యూన్ బృందం స్కోపుతో ఆ గుమ్మం దాకా వెళ్లి, గొట్టంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసింది. జపాన్ డాక్టర్లు ఆ పద్ధతికి మెరుగులు దిద్దారు. 1974 నాటికి జపాన్‌లో కవాయ్, జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్ అదే దారిలో కత్తిలాంటి తీగ పంపి కండరాన్ని కోశారు. పొట్ట మీద ఒక్క గాటు లేదు. ఈఆర్‌సీపీ అని మనం వింటున్నది ఈ దారినే.

ఈ విద్య మన ఊళ్లో బాగా ఎదిగింది. మాకు కాస్త దూరంలో, గచ్చిబౌలిలో ఉన్న ఏఐజీని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఈ స్కోపు వైద్యంలో ఆయనది ప్రపంచమంతా తెలిసిన పేరు. మా పక్క ఫ్లాట్ అక్క వాళ్ల నాన్నగారికి నాళంలో రాయి అడ్డుపడి కళ్లు పచ్చబడి, చలిజ్వరం వస్తే, ఈ పద్ధతిలోనే రాయి తీశారు. నాలుగో రోజుకు ఆయన మా లాబీలో పేపరు చదువుతూ కనిపించారు. అది చూసినప్పుడు, నేనెందుకు తాత్సారం చేస్తున్నానా అనిపించింది.

తేడా ఏమిటో తర్వాత తెలిసింది. ఆయన నాళంలో రాయి ఉంది. నా నాళంలో ఏమీ కనబడలేదు.

అమెరికాలో మిల్వాకీ డాక్టర్లు ఒకప్పుడు ఇలాంటి నొప్పిని మూడు రకాలుగా విడగొట్టారు. నొప్పితోపాటు రక్తపరీక్షలో తేడా, నాళం వెడల్పు రెండూ ఉంటే మొదటి రకం. ఆ రెండింటిలో ఒకటే ఉంటే రెండోది. పరీక్షలన్నీ బాగుండి నొప్పి ఒక్కటే ఉంటే మూడోది. 1989లో జీనెన్ బృందం రెండో రకం వాళ్లు 47 మంది మీద జరిపిన పరీక్షలో, కండరంలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్లకు కోత మేలు చేసింది. దాంతో మూడో రకం వాళ్లకు కూడా చాలాచోట్ల కోయడం అలవాటైపోయింది.

ఆ అలవాటుకు నిజమైన పరీక్ష 2014లో ఎదురైంది. అమెరికాలో 7 ఆస్పత్రుల్లో 214 మందిని తీసుకున్నారు. గాల్ బ్లాడర్ తీసేసినా నొప్పి పోనివాళ్లు, పరీక్షల్లో పెద్దగా ఏమీ దొరకనివాళ్లు. అచ్చం నాలాంటివాళ్లే, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. అందరికీ స్కోపు వేశారు. 141 మందికి నిజంగా కోశారు, 73 మందికి కోయలేదు. ఎవరిది ఏదో రోగులకు చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే, కోసినవాళ్లలో నూటికి 23 మందికి నొప్పి బాగా తగ్గింది. కోయనివాళ్లలో నూటికి 37 మందికి తగ్గింది!

ఆ అంకెల దగ్గర నేను చాలాసేపు కూర్చుండిపోయాను. కోసినవాళ్లలో 15 మందికి, కోయనివాళ్లలో 11 మందికి క్లోమం వాచింది. అంటే కోత దాకా పోనక్కర్లేదు, ఆ గుమ్మం దగ్గరికి స్కోపుతో వెళ్లడంలోనే ప్రమాదం ఉంది. 2016లో ప్రపంచ నిపుణులు కలిసి రాసిన రోమ్ సూత్రాల్లో ఆ మూడో రకం అన్న పేరునే వదిలేశారు.

కొందరు దీన్ని చదివి "అయితే నొప్పి మనసులోదే" అనేస్తారు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆ 214 మందిదీ అబద్ధపు నొప్పి అని ఆ పరీక్ష చెప్పలేదు. కోస్తే పోయే నొప్పి కాదని మాత్రమే చెప్పింది. ఆడవాళ్లం, "నీ భ్రమ" అనే మాట ఎన్ని వైపుల నుంచి వినుంటాం! నమ్మేవాళ్లు లేక, చివరికి ఏదో ఒకటి కోసేయండి బాబూ అనే స్థితికి వస్తాం. నేనూ ఆ అంచు దాకా వెళ్లాను. కోయించుకుంటేనైనా నా నొప్పి నిజమని ఇంట్లో ఒప్పుకుంటారని లోపల ఒక ఆశ ఉండేదని, మీ దగ్గర దాచను.

రెండో డాక్టరమ్మ దగ్గరికి అడగాల్సినవన్నీ రాసుకుని వెళ్లాను. నేను ఏ రకం కిందికి వస్తాను? నొప్పి ఉన్న పూటే లివర్ పరీక్ష చేయించాలా? ఎమ్మారై చాలా? కోస్తే నాకు తగ్గే అవకాశమెంత, క్లోమం వాచే అవకాశమెంత? ఆవిడ విసుక్కోలేదు. నొప్పి వచ్చిన పూటే రక్తం ఇమ్మన్నారు. రెండుసార్లు ఇచ్చాను, రెండుసార్లూ మామూలే. నాళం వెడల్పూ మామూలే. "ఇప్పటికి కోత వద్దు" అన్నారు. నరాల నొప్పికి వాడే మందు చిన్న మోతాదులో రాసి, ఏం తిన్నానో, ఎప్పుడు నొప్పి వచ్చిందో రాసుకోమన్నారు. కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, నొప్పి తగ్గకుండా వాంతులైనా మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దన్నారు.

నొప్పి పూర్తిగా పోలేదు. నెలకు ఆరేడుసార్లు వచ్చేది ఇప్పుడు మూడుసార్లు వస్తోంది. రేపు పరీక్షలో తేడా కనబడితే అదే స్కోపుకు మారుమాట లేకుండా సంతకం పెడతాను. అంతదాకా ఆ కాగితం బీరువాలో, చీరల కింద ఉంటుంది.

మొన్న రాత్రి వంటింట్లో లైటు వేస్తే అత్తయ్యగారు లేచి వచ్చారు. ఏమీ అడగలేదు. నీళ్లు వెచ్చబెట్టి గ్లాసు చేతికిచ్చి, నా నొప్పి పుస్తకంలో టైము తనే రాశారు, రెండూ పది అని.