జిల్లా వైద్యారోగ్య అధికారులకు పాలనా శిక్షణ

జిల్లా వైద్యారోగ్య అధికారి కుర్చీలో కూర్చునేది సాధారణంగా రోగులను చూస్తూ సర్వీసులో పైకొచ్చిన డాక్టరే. అక్కడ ఆయన చూడవలసినవి బడ్జెట్టు, మందుల ఇండెంట్లు, ఖాళీ పోస్టులు, టీకాల లెక్కలు. ఎంబీబీఎస్ చదువులో వీటికి దక్కే చోటు తక్కువ. ఆ లోటు పూడ్చే ప్రయత్నాలకు మన దేశంలో చాలా కాలపు చరిత్ర ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1920ల నుంచి ప్రజారోగ్యానికి విడిగా శాఖ ఉండేది. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలూ దాని కిందివే. కలకత్తాలో 1932లో వెలసిన అఖిల భారత పారిశుద్ధ్య, ప్రజారోగ్య సంస్థ ఈ రంగానికి కావలసిన చదువు చెప్పింది. చికిత్సను, రోగ నివారణను ఒకే వ్యవస్థ కిందికి తేవాలని 1946లో భోర్ కమిటీ సూచించింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ తరువాత చాలా రాష్ట్రాలు రెండు శాఖలనూ కలిపేశాయి గానీ, ప్రజారోగ్య చదువును జిల్లా పదవికి తప్పనిసరి చేయలేదు. సీనియారిటీయే అర్హత అయింది. తమిళనాడు మాత్రం విడి శాఖను నిలుపుకుంది.

ఢిల్లీలో 1964లో మొదలైన జాతీయ ఆరోగ్య పాలనా సంస్థ 1977లో కుటుంబ నియంత్రణ సంస్థతో కలిసి జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ అయింది. జిల్లా అధికారులకు 10 వారాల కోర్సు నడిపింది ఇదే. హైదరాబాదులోని భారతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ రాష్ట్ర సిబ్బందికి శిక్షణ ఇస్తూ వచ్చింది. 1987 హరారే ప్రకటన ఆరోగ్య వ్యవస్థకు జిల్లానే పునాదిగా తీసుకోవాలంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక జిల్లాలే ప్రణాళికలు రాసుకోవలసి వచ్చింది. కాంట్రాక్టు మీద ప్రోగ్రాం మేనేజర్లు చేరారు.

వీటన్నిటిలో ఎక్కువ నేర్పింది కర్ణాటకలోని తుముకూరు ప్రయోగం. 2009 తరువాత బెంగళూరులోని ప్రజారోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి అక్కడి జిల్లా, తాలూకా అధికారులకు విడతలుగా తరగతులు పెట్టాయి. మధ్యలో శిక్షకులు వాళ్ల ఆఫీసులకే వెళ్లి, చేతిలో ఉన్న పని మీదే సలహా ఇచ్చేవారు. 2014లో అచ్చయిన మూల్యాంకనం ప్రకారం పాఠం ఒకటే అయినా ఫలితం తాలూకాకో రకంగా వచ్చింది. అధికారికి పని మీద నిబద్ధత, తాను చేయగలనన్న నమ్మకం, పై నుంచి అండ కలిసిన చోట మార్పు కనిపించింది. నిర్ణయాధికారం ఇవ్వకుండా సర్టిఫికెట్లు మాత్రం ఇచ్చే కోర్సులు ఎందుకు నిష్ఫలమవుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్రతి రాష్ట్రంలో ప్రజారోగ్య నిర్వహణకు ప్రత్యేక కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం కోరింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణ జిల్లాలు 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. శిక్షణ పొందిన అధికారుల అవసరమూ అంత పెరిగింది.