బాస్ లినక్స్ పోయిన వైనం

చంపినవాడికే తెలియని చావులు కొన్ని ఉంటాయి. తమిళనాడు సర్కారు పిల్లలకిచ్చిన ల్యాప్‌టాప్‌లలో బాస్ లినక్స్ అలాగే పోయింది.

2011 సెప్టెంబరు 15, అణ్ణాదురై జయంతి. ముఖ్యమంత్రి జయలలిత తిరువళ్లూరు జిల్లాలో ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టారు. కొనిపెట్టే బాధ్యత సర్కారు సంస్థ ఎల్కాట్‌ది. సర్కారు, ఎయిడెడ్ బళ్లలో పై తరగతుల పిల్లలకు, కాలేజీ పిల్లలకు లక్షల్లో పంచారు. అవి అందుకున్నవాళ్లలో అప్పటి వేలూరు జిల్లాలోని నాట్రంపల్లి, గుడియాత్తం పిల్లలూ ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే పిల్లలు ఆ చుట్టుపక్కల చాలామంది.

తొలి విడత మిషన్లలో 320 జీబీ డిస్కు, 2 జీబీ ర్యామ్. చాలావాటిలో ఒకే డిస్కు మీద రెండు కాపురాలు: విండోస్ 7 స్టార్టర్, బాస్. బాస్ మన దేశపు ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్). డెబియన్ లినక్స్ మీద కేంద్ర సర్కారు సంస్థ సీడాక్ చెన్నైలో కట్టింది, 2007లో బయటికొచ్చింది. తెలుగుతో సహా మన భాషలు చాలావాటికి చోటిచ్చింది. 2006 చట్టం తర్వాత తమిళనాట బళ్లలో తెలుగు ఏటా ఒక్కో తరగతి చొప్పున వెనక్కి తగ్గుతున్న రోజులవి. అలాంటప్పుడు తెలుగులో రాసుకునే వీలున్న మిషన్ సర్కారు ఖర్చుతో ఇంటికొచ్చింది! పక్కవాడి సంగతా? స్టార్టర్ కనీసం వాల్‌పేపర్ కూడా మార్చుకోనివ్వదు.

అయినా గెలిచింది స్టార్టరే. పిల్లలకు తెలిసిన ముఖం అదే.

ఇక పతనం. 320 అని రాసిన డిస్కు విండోస్ లెక్కలో 298కే ఆగుతుంది. అందులోంచి బాస్ వాటా పోగా మిగిలినదాంట్లో పాటలు, సినిమాలు, ప్రాజెక్టులు. కొన్నాళ్లకు సి డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. ఎవరో చెబితే పిల్లాడు విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుస్తాడు. అక్కడ పేరూ, డ్రైవ్ అక్షరమూ లేని ముక్క ఒకటి కనిపిస్తుంది. బాస్ ఫైళ్లు ఉండేది అందులోనే, కానీ లినక్స్ ఫైల్ సిస్టమ్ విండోస్‌కు చదవరాదు. ఉత్తినే పడుందనుకుని రైట్ క్లిక్ కొట్టి, డిలీట్ వాల్యూమ్ అంటాడు. బాస్ కథ అక్కడితో సరి.

మర్నాడు ఆన్ చేస్తే నల్లటి తెర. పైన 'ఎర్రర్: నో సచ్ పార్టిషన్', కింద 'గ్రబ్ రెస్క్యూ'. మిషన్‌ను లేపే గ్రబ్‌కు తల డిస్కు మొదట్లో 512 బైట్ల సెక్టార్‌లో ఉంటుంది, మొండెం బాస్ వాటాలో. మొండెం పోయాక తల ఎవర్నీ లేపలేదు. విండోస్ చెక్కుచెదరకుండానే ఉంది, లోపలికి దారే లేదు. విండోస్ డిస్కుతో బూట్ చేసి 'బూట్‌రెక్ ఫిక్స్ఎంబీఆర్' అనే కమాండ్ ఇస్తే చాలు. షాపులో ఆ ఓపిక ఎవరికి? 'ఫార్మాట్ కొట్టాలి' అంటారు. దొంగ కాపీ విండోస్ 7 అల్టిమేట్ వేస్తారు. ఫొటోలు, ప్రాజెక్టు అన్నీ పోతాయి.

నన్నడిగితే తప్పు పిల్లాడిది కాదు, వాటాలు వేసినవాళ్లది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు నడవను ఉమ్మడిగా వదులుతారే, ఆ పాటి ఆలోచన డిస్కు మీదా ఉండాల్సింది. విండోస్‌కు 70 జీబీ, బాస్‌కు 25, స్వాప్‌కు 3 ఇచ్చి, మిగిలిన 200 జీబీ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉమ్మడి డేటాకు వదలాలి. అది విండోస్ చదువుతుంది, లినక్సూ చదివి రాస్తుంది. సినిమాలు అక్కడ పడుంటే బాస్ వాటా మీద కన్ను పడేదే కాదు. పాత పద్ధతి డిస్కుకు నాలుగే ప్రైమరీ పార్టిషన్లు. విండోస్ బూట్ ముక్క, సి డ్రైవ్, రికవరీ కలిసి మూడు తినేస్తాయి. కాబట్టి నాలుగోదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి, మిగతావన్నీ దాని లోపలే కోయాలి. బాస్ ముక్క చూపించి 'ఇది బాస్, తీయకండి' అని పిల్లలకు ఒక్క మాట చెప్పి ఉంటే అదీ సగం కాపాడేది.

2020 జనవరి 14న విండోస్ 7కూ మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది. మీ అటక మీద అలాంటి మిషన్ ఇంకా ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు ఓసారి దింపండి. మొదట ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డేటాకు వేరే వాటా కోసి పెట్టండి. రెండో ఓఎస్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.