ఎవరు అద్దారు?

బాతెల్‌లో మా ముందుగది గోడకి పెడన కలంకారీ దుప్పటి ఒకటి తగిలించాం. వచ్చినవాళ్ళందరూ "ఎక్కడ కొన్నారు?" అంటారు. "ఎవరు చేశారు?" అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ మధ్య పిల్లలతో విలియమ్స్‌బర్గ్ వెళ్ళాం. 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని అది. కమ్మరి కొలిమి, విగ్గుల దుకాణం, మందుల కొట్టు, అన్నీ ఆనాటిలాగే నిలబెట్టారు. మార్గరెట్ హంటర్ బట్టల కొట్టుకి ఇప్పటికీ ఆవిడ పేరే. ఆ కాలపు అమెరికా కొట్లలో ఇంగ్లండు సరుకుతో బాటు మన దేశపు అద్దకం బట్టా అమ్మేవారు.

దాని వెనక తమాషా ఉంది. ఉన్ని, పట్టు నేతగాళ్ళ గోల పడలేక ఇంగ్లండు పార్లమెంటు 1700లో మన అద్దకం బట్టల వాడకాన్ని నిషేధించింది. 1721లో అక్కడే అద్దినవాటినీ చాలావరకు ఆపేసింది. పైదేశాలకి పంపడానికి మాత్రం అడ్డు లేదు. తాము కట్టకూడని బట్టని లండను వర్తకులు వలసలకి అమ్ముకున్నారు.

ఇంగ్లీషువాళ్ళు 1611లోనే బందరులో కొఠీ పెట్టారు. అక్కడి పనివాళ్ళు బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపేవారు. ఇనుము, బెల్లం పులియబెట్టి నలుపు తీసేవారు. పటిక అద్ది చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు తేలేది. ఎన్ని ఉతుకులు, ఎన్ని ఎండలు!

కంపెనీ గుమాస్తాలు బేళ్ళూ ధరలూ రాసుకున్నారు. అద్దినవాడి పేరు మామూలుగా బట్ట మీద ఉండేది కాదు.

ఇంటికొచ్చి మా దుప్పటి తిరగేసి చూశాను. ఏ పేరూ లేదు. పెడనలో కొన్నప్పుడు నేనూ ధరే అడిగాను.