కొల్లేటి సీమలో కల్లుపాక

అన్నము వండిపెట్టు పూటకూళ్ళ యింటికి మన సాహిత్యములో మంచి స్థానమే దొరకినది. క్రీడాభిరామములో టిట్టిభసెట్టియు, మంచనశర్మయు ఓరుగంటి వీథులలో తిరిగి తిరిగి, ఒక రూకకు కడుపార భోజనము చేసిన వృత్తాంతము తెలుగు చదివినవారందరు ఎరిగినదే. నిప్పులమీద కాల్చిన మాంసమును, అప్పుడే చెట్టునుండి దించిన కల్లును ఒక్కచోట అమ్ము పాకను గూర్చి మాత్రము మన పండితులు అంతగా పలుకలేదు. పలుకకపోవుటకు కారణము ఊహించుట కష్టము కాదు. అయినను సాంఘికచరిత్ర వ్రాయబూనినవారు పంక్తిభోజనములతోనే తృప్తిపడరాదని మా అభిప్రాయము. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు, వీని నడుమనున్న సీమలో ఆ పాకకు దీర్ఘమైన చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక మంత్రివర్గము కూలిన ఘట్టము కూడ నున్నది.

ముందుగా కాల్చిన మాంసము మాట. ఏలూరికి ఉత్తరమున ఏడెనిమిది మైళ్ళ దూరముననున్న పెదవేగి ఒకప్పటి వేంగీపురము. శాలంకాయనులు అచ్చటినుండి ఏలిరి; తూర్పు చాళుక్యులు తమ రాజ్యమునకు ఆ పేరే నిలిపిరి. 12వ శతాబ్ది ప్రారంభమున ఆ వేంగి కొంతకాలము కల్యాణి చాళుక్యుల వశమైనది. ఆ కల్యాణిని తరువాత ఏలిన మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును కూర్చెను. రాజులు వంటలను గూర్చి ఇంత ఓపికతో వ్రాసిన సందర్భములు అరుదు. పంది మాంసమును నిప్పులపై కాల్చు విధము, మాంసఖండములను ఊచలకు గ్రుచ్చి కాల్చెడి భడిత్రకమను వంటకము, చివరకు పొలపు ఎలుకల వంటకము సైతము అందున్నవి. మద్యపానమును రాజుగారి క్రీడలలో ఒకటిగా లెక్కించినాడు. ఇవన్నియు రాజుల ముచ్చటలేగాని సామాన్యుల మాట కాదని శ్రోతలు అనవచ్చును. నిజమే. అయితే ఊచకు మాంసము గ్రుచ్చి నిప్పులపై త్రిప్పుటకు రాజ్యము అక్కరలేదు. ఊచయు, నిప్పును చాలును.

సాయంకాలపు వేళ పట్టణపు సందులలో బొగ్గుల కుంపటిపై కాల్చి అమ్మెడి చీకులు ఆ జాతివే. చీకు అను మాట, ఊచ అను అర్థముగల సీఖ్ అను పారసీక పదమునుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చినది. తురుష్కులతో వచ్చినది మాటయే, వంట కాదు. శూలమునకు గ్రుచ్చి కాల్చిన మాంసమును సంస్కృతము అంతకు ఎంతో పూర్వమే శూల్యమని పిలిచినది.

కొల్లేటి ప్రక్కన మాంసముకంటె చేప సులభముగా లభించును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసిన నీరు ఈ మంచినీటి సరస్సున నిలిచి, ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు పోవును. ఇందలి కొర్రమీను గాలి పీల్చి బ్రదుకగలదు. తడి కుండలో నుంచినచో గంటల తరబడి ప్రాణముతో నుండును. కనుకనే పడవలోనుండి పాక వరకు చెడకుండ రాగలిగినది. ఇక ఎండుచేప సంగతి చెప్పనక్కరలేదు. దానిని నిప్పులపై రెండు వైపుల త్రిప్పిన చాలును. ఆ వాసనయే పిలుపు. దానితోపాటు గుగ్గిళ్ళు, వేపిన శనగలు, కాలము వచ్చినపుడు కాల్చిన తేగలు. తేగ కూడ తాటిచెట్టు సంతానమే గదా!

ఆ చెట్టు దగ్గరకు వత్తము. తాడేపల్లిగూడెమను పేరు వినగనే తాటిచెట్టు తలపునకు వచ్చును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు సాగి ఈ నేల వరిమాగాణియైనది. పొలమంతయు వరికి పోగా, గట్లు తాటిచెట్లకు మిగిలినవి. నీడ తక్కువ, వేరు లోతు. గాలివానకు తేలికగా లొంగదు. రైతునకు దూలము, ఆకు, ముంజె, పండు ఇచ్చుచు, గీతకానికి బ్రతుకు ఇచ్చుచున్నది.

ఇంగ్లీషువారి పబ్బునకును మన పాకకును గల భేదము ఇక్కడనే తెలియును. బీరు కావలెనన్న బార్లీని నానవేసి మొలకెత్తించవలెను, ఎండబెట్టవలెను, ఉడికించవలెను, హాప్స్ అను తీగ పూవులు వేయవలెను, చల్లార్చి పులియబెట్టి దినములు, వారములు వేచియుండవలెను. బార్లీగాని, హాప్స్‌గాని డెల్టాలో పండవు. ఇటీవల హైదరాబాదు వంటి నగరములలో ఉన్నచోటనే బీరు తయారుచేసి, కాల్చిన మాంసముతో వడ్డించు విలాసశాలలు వెలసినవి. దానిని క్రొత్త వింతగా చెప్పుకొనుచున్నారు. తయారైన చోటనే త్రాగుట, కాలిన చోటనే తినుట కొల్లేటి గట్టుననున్న వానికి వింత కాదు. అతని బట్టీ చెట్టు తలపై నున్నది.

గీతకాడు మోకు నడుమునకు తగిలించుకొని ఉదయమొకమారు, సాయంకాలమొకమారు ప్రతి చెట్టు ఎక్కును. గెల కొనను పలుచగా చెక్కి, దాని క్రింద లొట్టి కట్టును. చెక్కు మందమైనచో గెల పాడగును. చెక్కకున్నచో రసము ఆగిపోవును. కారెడి రసము తీయనిది, నూటికి పదిపన్నెండు పాళ్ళు చక్కెర కలది. గాలిలోను, లొట్టిలోను ఉన్న సూక్ష్మజీవులు ఎవరును పిలువకయే పని ప్రారంభించును. ప్రొద్దెక్కునప్పటికి అది నూటికి నాలుగైదు పాళ్ళ సారాయము కలిగి, ఇంచుమించు బీరుతో సమానమగును. మరునాటికి పులిసి నోట పెట్టరానిదగును. లొట్టిలోపల సున్నము పూసినచో పులియుట ఆగి తీపి నిలుచును. దానిని కాచినచో తాటిబెల్లము. అనగా ఒకే చెట్టు, ఒకే చేయి, ఒకే రసము. పిడికెడు సున్నము మాత్రమే పానీయమునకును మత్తునకును నడుమ గోడ. కల్లు నిలువయుండదు గనుక దూరము పోదు, ధనికుడు కొట్లలో దాచి ధర పెంచలేడు. పాక చెట్టు దగ్గరనే పుట్టుటకు కారణమిదే. తాటాకు దొప్ప పట్టి త్రాగి, దొప్పను పారవైచి పోవుదురు.

పాపికొండల కొండరెడ్ల వద్ద తాటి స్థానమున జీలుగు చెట్టున్నది. 1945లో వెలువడిన తన గ్రంథమున హైమెన్‌డార్ఫ్ వారి జీవితమును వర్ణించెను. ధాన్యము కరవైన నెలలలో జీలుగు కల్లు వారికి విలాసము కాదు, ఆహారము. ఆ చెట్టు బెండును సైతము పిండిచేసి తిని ప్రాణము నిలుపుకొనెడివారు.

పాకపై రాజుగారి కన్ను పడుట క్రొత్త కాదు. కౌటిల్యుడు సురాధ్యక్షుడను అధికారిని ఏర్పరచి, పానశాలలలో గదులు, ఆసనములు, గంధమాల్యములు ఉండవలెనని చెప్పి, అచ్చట ఎవరు ఎంత వ్యయము చేయుచున్నారో కనిపెట్టుటకు గూఢచారులను కూడ పెట్టుమన్నాడు. ఇంగ్లీషువారికి గంధమాల్యములతో పని లేదు, పన్నుతోనే పని. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టముతో గీతయు, అమ్మకమును లైసెన్సు పరమైనవి. గీచిన చెట్టు చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము. వేలము పాడినవాడు ఒకడు, చెట్టెక్కినవాడు వేరొకడు. చెట్టునుండి జారిపడినవానికి ఆ లెక్కలలో చోటు లేదు. 1921లో సహాయనిరాకరణవాదులు కల్లుదుకాణముల ముందు పికెటింగు చేసినప్పుడు వారు కొట్టదలచినది మత్తును మాత్రమే కాదు, సర్కారు బొక్కసమును కూడ.

స్వదేశ ప్రభుత్వము వచ్చిన పిదప కథ మలుపు తిరిగినది. రాజాజీ 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధము యుద్ధకాలమున సన్నగిల్లగా, 1946లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము దానిని మరల చేపట్టెను. 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతట అమలైనది. బెల్లమునకై సున్నపు లొట్టి కట్టుకొనుటకు అనుమతి ఉండెడిది. ఆ లొట్టిలో సున్నమున్నదో లేదో చూచెడివారు మాత్రము చెట్టు క్రింద లాఠీతో నిలిచెడివారు. నిషేధము మంచి ఉద్దేశముతో వచ్చినదే. దాని భారము మొదట పడినది త్రాగువానిపై కాదు, గీచువానిపై. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ముఖ్యమంత్రి మరల ప్రకాశం పంతులుగారే. ఎస్. వి. రామమూర్తిగారి సంఘము నిషేధమును ఎత్తివేయుమని సిఫారసు చేయగా ప్రభుత్వము అంగీకరించలేదు. గౌతు లచ్చన్నగారు గీతపనివారి పక్షమున సత్యాగ్రహము నడపిరి. 1954 నవంబరులో శాసనసభలో ఒక్క వోటు తేడాతో మంత్రివర్గము కూలిపోయెను. మద్రాసులో తాను మరల నిలిపిన శాసనమే కర్నూలులో ఆంధ్రకేసరిని దింపినది.

కోస్తాలో నిషేధము 1969లో తొలగినది. కల్లుతోపాటు కాదు, కల్లును త్రోసికొని సారాయి వచ్చినది. చెట్టు అక్కరలేదు, ఋతువు అక్కరలేదు, పులిసిపోవునన్న భయము లేదు. కనుక వేలంపాటదారునకు అదియే ప్రియము. ఆ సారాయి పాడుచేసిన కొంపల మాట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తేల్చి చెప్పిరి. 1993లో సారాయి నిషిద్ధమైనది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో పోయినది. ఆ స్త్రీల కోపము న్యాయమైనది. కల్లు నిర్దోషియని మేము వాదించుటలేదు. కల్లుకూలి కూడ ఇంటికి రాక పాకలోనే కరగిన సందర్భములున్నవి. కాని సారాయిని, కల్లును ఒక్క తాటను కట్టి మాటలాడుట చరిత్రకారునకు తగదు.

కొల్లేరు కూడ మారినది. చేపల చెరువులు సరస్సును ఆక్రమింపగా 2006లో వానిని పెద్దయెత్తున కొట్టివేసిరి. ఇప్పుడు ఈ సీమ చెరువులలో బొచ్చె, శీలావతి పెరిగి, మంచుగడ్డల నడుమ కలకత్తా, గౌహతి దాక పోవుచున్నవి. కొర్రమీను ధర పాకవాని చేతికి అందునది కాదు. గట్లపై తాటిచెట్లు పలుచబడినవి, ఎక్కువారు అంతకంటె తగ్గినారు. ఎక్కువానికి కొడుకును చెట్టెక్కించవలెనను కోరిక లేదు. వేలంపాట నడుమ లేకుండ గీతపనివారి సహకార సంఘములకు, గీచువానికే చెట్టు అను పద్ధతిన విడివిడిగా పనివారికి, లైసెన్సులిచ్చు ఏర్పాటు తరువాత వచ్చినది. ఆ కాగితము మీద దుకాణదారుని పేరు కాదు, మోకు కట్టినవాని పేరుండును.