మధుమేహానికి బరువు తగ్గించే శస్త్రచికిత్స
జీర్ణాశయం పరిమాణాన్ని, కొన్ని పద్ధతుల్లో ఆహారం సాగే దారిని కూడా మార్చి, స్థూలకాయుల్లో రెండో రకం మధుమేహాన్ని అదుపు చేసే చికిత్స. బేరియాట్రిక్ లేదా మెటబాలిక్ సర్జరీ అని వ్యవహారం. మొదటి రకం మధుమేహానికి ఇది మందు కాదు.

బరువు తగ్గించే ఆపరేషన్‌తో షుగర్ తగ్గుతుందని కనిపెట్టినది అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ (1995) అని చాలాచోట్ల రాశారు. అయితే కడుపులో కొంత భాగం తొలగించిన ముగ్గురిలో మధుమేహం తగ్గిన సంగతిని ఫ్రీడ్‌మన్ బృందం 1955లోనే ప్రచురించింది. కాబట్టి పోరీస్‌ది తొలి పరిశీలన కాదు. పోరీస్ చూపినది విస్తృతి: గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 146 మంది మధుమేహుల్లో 121 మందికి చక్కెర మామూలు స్థాయికి వచ్చింది.

స్లీవ్ పద్ధతిలో కడుపును నిలువునా స్టేపుల్ చేసి దాదాపు ముప్పాతిక భాగం తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నని గొట్టం. బైపాస్‌లో సుమారు 30 మి.లీ. సంచి చేసి చిన్నపేగుకు కలుపుతారు. బరువు తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే షుగర్ పడిపోవడం విశేషం. తిండి తగ్గడంతోపాటు జీఎల్‌పీ-1 వంటి పేగు హార్మోన్లు పెరగడం ఇందుకు కారణమని భావిస్తున్నారు. అందుకే ఆపరేషన్ తర్వాత ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు పాత మోతాదులోనే కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

శాశ్వతంగా నయమవుతుందన్న ప్రచారాన్ని నమ్మరాదు. స్వీడన్‌లో జరిగిన అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత రెండేళ్లకు 72 శాతం మందికి మధుమేహం ఉపశమించగా, పదిహేనేళ్లకు అది 30 శాతానికి తగ్గింది. క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధనలో ఐదేళ్ల తర్వాత మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారు బైపాస్‌లో 29, స్లీవ్‌లో 23, మందులతోనే 5 శాతం. జబ్బు కొత్తదై, సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ తయారీకి సూచిక) బాగున్నవారికి ఫలితం మెరుగు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులకు ఈ ఆపరేషన్ అంటే సాధారణంగా హైదరాబాద్ ప్రయాణమే. అయితే కోదాడకు విజయవాడే దగ్గర. ఆపరేషన్ ఒక్కరోజు పని, ఆ తర్వాతి జాగ్రత్త జీవితాంతం. వరి పండే ఈ ప్రాంతంలో కంచం నిండా అన్నం అలవాటైనవారు ముందు గుడ్డు, పప్పు తిని, అన్నం కొద్దిగా చివర్లో తినడం నేర్చుకోవాలి. బి12, ఐరన్ లోపిస్తాయి గనుక మాత్రలు మానకూడదు. ఏటా చేయించాల్సిన రక్తపరీక్షలకు నమూనా ఊళ్లోని ల్యాబులోనే ఇవ్వవచ్చు.

ఆసియావాసులైన మధుమేహులకు బీఎంఐ 27.5 నుంచే ఈ చికిత్సను పరిశీలించవచ్చని 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 నిబంధనలు మాత్రం అదుపు తప్పిన మధుమేహానికి సైతం బీఎంఐ కనీసం 35 ఉండాలన్నాయి. బీమా ఉందని బయల్దేరేవారు పాలసీలో ఆ షరతును ముందే చదువుకోవాలి.